ఆటపెట్టెకు అడ్డుపడు ఆలస్యము

తెలంగాణమున నీరును వెలుగును ఒకే దారిని పల్లెలకు వచ్చినవి. 2016వ సంవత్సరము ఆగస్టు నెలలో గజ్వేలు సమీపమున కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ పథకములో, త్రాగునీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు కేబులు పోవుటకు వేరొక సన్నని గొట్టమును గూడ పరచిరి. దేశములోని గ్రామపంచాయతులన్నిటిని కాంతితంతువుతో కలుపవలెనని కేంద్ర ప్రభుత్వము 2011లో నిశ్చయించిన పథకమే తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినది. ఈ ప్రయత్నముల వలనను, ప్రైవేటు కంపెనీల వలనను, కేబులు టీవీ వారి వలనను, ఒకనాడు పట్టణములకే పరిమితమైన ఇంటర్నెట్ నేడు మండల కేంద్రములకు, వాని చుట్టుపట్ల ఊళ్ళకు గూడ చేరినది. హైదరాబాదు నుండి నాగపూరు పోవు 44వ జాతీయ రహదారిపై, హైదరాబాదునకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్న ఇందల్వాయి అట్టి ఊళ్ళలో నొకటి.

ఫైబరు వచ్చిన యింట మొట్టమొదట దానిని వాడుకొనువారు పిల్లలు. టీవీకి తగిలించు ఆటపెట్టె, అనగా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోలు, నెట్టు ద్వారా ఎక్కడెక్కడివారితోనో ఆడించును. అయితే పలు ఇండ్లలో ఒక చిక్కు కనిపించుచున్నది. సెకనుకు 100 మెగాబిట్ల ప్లాను తీసికొన్నను ఆట నడుమ నడుమ ఆగి ఎగిరిపడును. బంతిని తన్నుటకు మీట నొక్కినచో కాలు ఆలస్యముగా లేచును. పిల్లవాని పోరు పడలేక ఇంటివారు ప్లానును 300 మెగాబిట్లకు పెంచుదురు. నెలనెలా ఖర్చు పెరుగును గాని ఆట యథాప్రకారమే ఆగుచుండును. గల్ఫు దేశములలో పనిచేయు ఇంటిపెద్ద సాయంకాలము వీడియోకాలు చేసినపుడు మాట తెగిపోవుటకును కారణము పెక్కుమార్లు ఇదియే. రోగమొకటి, మందు వేరొకటి యగుటచే గుణము కనిపించుట లేదు.

వేగము వేరు, ఆలస్యము వేరు

నిజామాబాదు జిల్లా రైతులకు ఈ భేదమును విడమరచి చెప్పనక్కరలేదు. మంజీరా నదిపై 1923లో ఆరంభించి 1931 నాటికి కట్టిన నిజాంసాగరు కాలువను వారెరుగుదురు. కాలువ వెడల్పును బట్టి ఎంత నీరు పారునో తేలును. తూము తెరచిన తరువాత ఆ నీరు చివరి మడికి చేరుటకు పట్టు కాలము వేరు సంగతి. కాలువను రెండింతలు వెడల్పు చేసినచో ఎక్కువ నీరు పారును; అంతమాత్రమున చివరి మడి రైతు ఎదురుచూచు కాలము సగమై పోదు.

కంపెనీవారు అమ్ము మెగాబిట్లు కాలువ వెడల్పు వంటివి. ఆటకు కావలసినది నీరు త్వరగా చేరుట. కన్సోలు నుండి పంపబడు సమాచారము చిన్న చిన్న పొట్లములుగా, సెకనుకు కొన్ని పదుల చొప్పున పోవుచుండును. వీనినే ప్యాకెట్లందురు. 'ఆటగాడు ఇక్కడ నున్నాడు, ఈ మీట నొక్కినాడు' అను పాటి సమాచారమే వానిలో నుండును. అందుచే గంటసేపు ఆడినను సాధారణముగా 40 నుండి 150 మెగాబైట్లకు మించి ఖర్చు కాదు. ఇది సెకనుకు అర మెగాబిట్టు కూడ కాదు. మిక్కిలి స్పష్టమైన 4కె సినిమా చూచుటకు 15 నుండి 25 మెగాబిట్లు కావలసియుండగా, ఆటకు దానిలో ఏబదవ వంతు చాలును. పెద్ద ప్లాను వలన ప్రయోజనము లేకపోలేదు. 100 గిగాబైట్ల కొత్త ఆటను దించుకొనుటకు 100 మెగాబిట్ల ప్లానులో రెండుంబావు గంటలు, 300 మెగాబిట్ల ప్లానులో ముప్పాతిక గంట పట్టును. దించుకొన్న పిమ్మట ఆడుటలో మాత్రము రెండు ప్లానులును ఒక్కటియే.

ఆటకు కొలత మెగాబిట్టు కాదు, మిల్లీసెకను. అనగా సెకనులో వెయ్యవ భాగము. ఒక ప్యాకెట్టు ఇంటినుండి ఆటను నడుపు సర్వరు వరకు పోయి మరలి వచ్చుటకు పట్టు కాలమును పింగు అందురు. టీవీ తెరపై బొమ్మ సెకనుకు 60 మార్లు మారును. ఒక్కొక్క బొమ్మకు రమారమి 17 మిల్లీసెకన్లు. పింగు 50 మిల్లీసెకన్లున్నచో ఆటగాడు ఎదుటివానిని మూడు బొమ్మలంత వెనుక చూచుచున్నాడన్నమాట. ఇంతవరకు ఆట తయారుచేసినవారు లెక్కలతో సర్దగలరు. పింగు ఒక క్షణమున 20గాను, మరుక్షణమున 150గాను ఎగిరిపడినచో మాత్రము ఆ సర్దుబాటు పనికిరాదు. ఈ తడబాటు, దారిలో ప్యాకెట్లు పోవుట అను రెండును ఆటకు పరమశత్రువులు. సినిమాలోనైన పోయిన ప్యాకెట్టును మరల తెప్పించుకొనవచ్చును. ఆటలో గడచిన క్షణపు వార్త మరల వచ్చినను దానితో పనిలేదు.

కాంతికిని నడక కాలము కలదు

శూన్యములో కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గాజులో దాని నడక మందగించి 2 లక్షల కిలోమీటర్లగును. కావున కాంతితంతువులో ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు, రాకపోకలకు కలిపి 10 మిల్లీసెకన్లు పట్టును. ఈ లెక్కను ఎంతటి ఖరీదైన యంత్రమును మార్చజాలదు.

ఇందల్వాయి నుండి హైదరాబాదునకు పోయివచ్చుటకు కాంతికి ఒకటిన్నర మిల్లీసెకను చాలును. పల్లెవాడు పట్నవాసికంటె వెనుకబడుటకు దూరమొక కారణము కాదని దీనివలన తేలుచున్నది. అక్కడినుండి 700 కిలోమీటర్ల దూరమున నున్న ముంబయికి పోయివచ్చుటకు మొత్తము 8 లేక 9 మిల్లీసెకన్లు పట్టును. నడుమ కూడలులలో యంత్రములు ప్యాకెట్లను దారి మళ్ళించుట వలనను, కేబులు వంకరటింకరగా పోవుట వలనను ఆచరణలో ఇది 20 నుండి 40 వరకు ఉండును. చెన్నై మీదుగా సముద్రగర్భ కేబులు ద్వారా సింగపూరుకు దారి ఇంచుమించు 4,000 కిలోమీటర్లు. రానుపోను 40 మిల్లీసెకన్లకు తగ్గదు. ఐరోపాకు 100కు తగ్గదు. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రములో జెడ్డా దాపున కేబుళ్ళు తెగినపుడు ప్యాకెట్లు చుట్టుదారి పట్టగా మన దేశమున గూడ ఆలస్యము పెరిగినది. అట్టి దినములలో ఇంటి రౌటరును మార్చి ప్రయోజనము లేదు.

దీనినిబట్టి మొదటి చికిత్సకు కానీ ఖర్చు లేదు. ఆటలోని అమరికలలో 'ప్రాంతము' అను చోట ముంబయినో, భారతదేశమునో ఎన్నుకొనవలెను. అది లేనిచో సింగపూరు. కొన్ని ఆటలు ఆటగాళ్ళు దొరకనపుడు తమంతట తామే దూరదేశపు సర్వరునకు పంపును. అప్పుడు పింగు పెరిగినచో అది ఇంటి దోషము కాదు.

టోల్‌గేటు కడ రద్దీ

దూరము తరువాత ఆలస్యమునకు పెద్ద కారణము వరుసలో నిలబడుట. ఇందల్వాయి టోల్‌గేటును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రహదారి ఎంత విశాలమైనను గేటు కడ లారీలు బారులు తీరినచో వాని వెనుక చిక్కిన మోటారుకారు కదలదు. అది చిన్నదా, పెద్దదా, దానికెంత తొందర కలదు అను విచారణ వరుసకు లేదు.

ఇంటి రౌటరు అట్టి గేటు. ఇంటిలోని వై-ఫై వేగము ఎక్కువ. బయటికి పోవు లైను వేగము తక్కువ. ముఖ్యముగా ఇంటినుండి బయటికి పంపు వేగము, అనగా అప్‌లోడు, పలు ప్లానులలో తక్కువగా నుండును. అక్కగారు పెండ్లి వీడియోను పంపుచున్నపుడు, లేక ఎవరి ఫోనో తనలోని ఫోటోలను తనంతట తానే దాచుకొనుచున్నపుడు, ప్యాకెట్లు గుట్టలుగా వచ్చి పడును. రౌటరు వానిని పారవేయక తన జ్ఞాపకములో వరుసగా నిలుపును. ఒక మెగాబైటు మేర ప్యాకెట్లు నిలిచినవనుకొందము. లైను అప్‌లోడు సెకనుకు 10 మెగాబిట్లైనచో ఆ వరుస ఖాళీ యగుటకు 800 మిల్లీసెకన్లు పట్టును. అప్పుడే వచ్చిన ఆట ప్యాకెట్టు అంతసేపును ఆగవలెను. అదే కాలములో కాంతి గాజుతంతువులో 1,60,000 కిలోమీటర్లు పోయి, భూగోళమును నాలుగు మార్లు చుట్టి రాగలదు! ప్రపంచమును చుట్టుటకు పట్టు కాలమంతయు గుమ్మము దాటుటకే సరిపోవుచున్నదన్నమాట.

జ్ఞాపకశక్తి చౌకయగుట వలన యంత్రములలో ఈ నిలువచోటును అవసరమునకు మించి పెంచుటయే ఈ అనర్థమునకు మూలము. 2010 ప్రాంతమున అమెరికా ఇంజనీరు జిమ్ గెట్టీసు ఈ దోషమును లోకము దృష్టికి తెచ్చి దానికి 'బఫర్‌బ్లోట్' అని పేరిడెను. 2012లో కాథలీన్ నికొల్సు, వాన్ జాకబ్సన్ అనువారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. వరుస ఎంత పొడవున్నదను దానిని గాక, ప్యాకెట్టు ఎంతసేపు నిలిచినదను దానిని కొలువవలెను. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు మించి కొంతసేపు సాగినచో కొన్ని ప్యాకెట్లను జారవిడువవలెను. ప్యాకెట్టు పోయినదని గ్రహించి, పెద్ద ఫైలు పంపుచున్న యంత్రము తనంతట తానే వేగము తగ్గించుకొనును. ఇందుకు తోడు ఒక్కొక్క పనికి ఒక్కొక్క వరుస ఏర్పరచినచో, వీడియో వరుస ఎంత సాగినను ఆట వరుస ఖాళీగా నుండును. లారీలకొక బాట, కార్లకొక బాట వేసినట్లే.

కొన్ని రౌటర్లలో ఈ సదుపాయము 'స్మార్ట్ క్యూ' అనియో, 'క్యూఓఎస్' అనియో ఉండును. దానిని పెట్టునపుడు లైను నిజవేగములో 90 శాతమును మాత్రమే హద్దుగా వ్రాయవలెను. నూరింట పది వదలుకొనుట నష్టమని తోచవచ్చును. అట్లు వదలినగాని వరుస తెలివిగల రౌటరులో నిలువదు. కంపెనీవారి యంత్రములో, మన అదుపులో లేనిచోట నిలుచును. ఈ సదుపాయము లేని రౌటరున్నవారు ఫోటోల నిలువను, కొత్త ఆటలు దించుకొనుటను రాత్రి అందరును పడుకొన్న వేళకు మార్చుకొన్నచో సగము బాధ తీరును.

ఇంటిలోపలి గాలిదారి

వందల కిలోమీటర్లు గాజులో నిరాటంకముగా వచ్చిన ప్యాకెట్టు చివరి పది గజములలో చిక్కుకొనుట వింతగా తోచును. పెక్కు ఇండ్లలో జరుగుచున్నదిదియే. వై-ఫై ఒక రేడియో. ఒక చానెలుపై ఒకేసారి ఒక యంత్రమే మాటాడవలెను. ఒకే చేద గల బావి కడ నలుగురు చేరినట్లు, ఒకరు తోడునంతసేపు తక్కినవారు ఆగవలెను. పొరుగింటి వై-ఫై అదే చానెలుపై నున్నచో వారును ఈ వరుసలోనివారే.

వై-ఫైకి ప్రధానముగా రెండు పట్టీలు కలవు. 2.4 గిగాహెర్ట్జు తరంగము పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. ఇది గోడలు దాటి దూరము పోవును గాని రద్దీ ఎక్కువ. బ్లూటూత్ పరికరములును, మైక్రోవేవ్ పొయ్యియు ఈ పట్టీలోనే పనిచేయును. దీనిలో ఒకదానితో నొకటి ఒరసికొనని చానెళ్ళు 1, 6, 11 అను మూడు మాత్రమే. 5 గిగాహెర్ట్జు పట్టీలో చానెళ్ళెక్కువ, రద్దీ తక్కువ. కాని రాతిగోడను, కాంక్రీటు స్లాబును దాటుటలో ఇది బలహీనము. ఇనుప బీరువా, నిలువుటద్దము, నీళ్ళ తొట్టి రెండింటికిని అడ్డంకులే.

అన్నిటికంటె మేలైన మందు తీగ. రౌటరు నుండి కన్సోలునకు క్యాట్ 5ఇ లేక క్యాట్ 6 రకపు లాన్ కేబులు వేసినచో ఇంటిలోపలి ఆలస్యము ఒక మిల్లీసెకనుకు లోబడును. తడబాటు దాదాపు మాయమగును. ఈ కేబులు 100 మీటర్ల వరకు పనిచేయును గనుక ఎంత పెద్ద లోగిలికైనను చాలును. తీగ లాగుటకు వీలుపడనిచో రౌటరును బీరువా వెనుకనుండి తీసి, కన్సోలున్న గదిలోనో, కనుచూపు మేరలోనో ఎత్తుగా నుంచి, 5 గిగాహెర్ట్జు పట్టీని వాడవలెను. రెండు గదుల నడుమ వై-ఫైని అందుకొని మరల పంపు 'రిపీటరు' ఆటకు మంచిది కాదు. ప్యాకెట్టును విని మరల చెప్పుటకు అదనపు కాలము పట్టుటయే గాక, అదే గాలిదారిని అది రెండుమార్లు వాడును.

తంతువు ఆరోగ్యము

ఇంటికి వచ్చు కాంతితంతువు నడిమి గాజు 9 మైక్రాన్లు, పైగాజుతో కలిపి 125 మైక్రాన్లు. తలవెండ్రుకకు కొంచెమెచ్చు మందము. మిక్కిలి ప్రచారములో నున్న జీపాన్ పద్ధతిలో కంపెనీ నుండి బయలుదేరిన ఒక్క తంతువు 32 లేక 64 ఇండ్లకు చీలును. ఇంటికి వచ్చు కాంతి తరంగము 1490 నానోమీటర్లు, ఇంటినుండి పోవునది 1310 నానోమీటర్లు గనుక రెండును ఒకే గాజులో ఎదురెదురుగా పోయినను ఢీకొనవు.

స్తంభము నుండి స్తంభమునకు వ్రేలాడు తంతువు గాలికి ఊగును. కోతుల బెడద గల ఊళ్ళలో వాని పంటి బారిన పడును. ఇంటిలో మేకుకు చుట్టి గట్టిగా మడిచినచో, వంపు కడ కాంతి కొంత బయటికి పోవును. సాధారణపు తంతువును 3 సెంటీమీటర్ల వ్యాసార్ధము కంటె చిన్నదిగా వంచరాదు. చేరిన కాంతిబలమును ఇంటిలోని ఫైబరు పెట్టె అమరికల పుటలో చూడవచ్చును. అది డీబీఎమ్ అను కొలతలో ఋణసంఖ్యగా నుండును. −15 నుండి −25 వరకు ఉన్నచో భయము లేదు. −27 దాటినచో ప్యాకెట్లు పోవుట మొదలగును; అపుడు కంపెనీ లైన్‌మనిషిని పిలిపించవలసినదే. కరెంటు పోయినపుడు తంతువునకు బాధ లేదు, పెట్టెకు గలదు. పెక్కు పెట్టెలు 12 వోల్టులతో పనిచేయును గనుక చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి అమర్చినచో ఆట నడుమ లైను తెగదు.

చిరునామాల చిక్కు

పింగు బాగున్నను కొందరికి స్నేహితుని మాట వినబడదు. ఒకరి ఆటలో నొకరు చేరలేరు. దీనికి కారణము చిరునామా. ఇంటర్నెట్ పాతపద్ధతిలో చిరునామాల మొత్తము సుమారు 429 కోట్లు. ప్రపంచ కేంద్ర భాండారములో పంచవలసినవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయినవి. అందుచే ఒక యింటిలోని యంత్రములన్నియు ఒకే చిరునామా వెనుక నుండును. సత్రమునకు ఒకే తలుపు నంబరున్నను, ఏ గదివారు ఎవరికి ఉత్తరము వ్రాసిరో గుమస్తా తన పుస్తకములో గుర్తించుకొని జవాబును ఆ గదికే చేర్చును. రౌటరు చేయు ఈ పనిని న్యాట్ అందురు. తాను వ్రాయని ఉత్తరము వచ్చినచో గుమస్తాకు అది ఏ గదిదో తెలియదు. అట్లే, స్నేహితుని కన్సోలు నేరుగా పిలిచినపుడు రౌటరు తలుపు తీయదు.

రౌటరులో 'యూపీఎన్‌పీ' అను అమరికను తెరచినచో కన్సోలు ముందుగానే గుమస్తాకు కబురు చెప్పుకొనగలదు. ఇంటిలో రెండు రౌటర్లొకదాని వెనుక నొకటి ఉన్నచో ఇద్దరు గుమస్తాలేర్పడుదురు. మొదటిదానిని 'బ్రిడ్జి' పద్ధతిలో పెట్టించవలెను. చిరునామాలు చాలక కంపెనీవారే పలు ఇండ్లకు కలిపి ఒక చిరునామా నిచ్చుటయు కలదు. రౌటరు పుటలో బయటి చిరునామా 100.64 మొదలు 100.127 లోపు సంఖ్యతో ఆరంభమైనచో ఇదియే జరుగుచున్నదని తెలియవలెను. కొంత అదనపు రుసుముపై ప్రత్యేక చిరునామాను కోరుటయో, కంపెనీ ఇచ్చుచున్నచో ఐపీవీ6 అను కొత్తపద్ధతి చిరునామాను రౌటరులో తెరచుటయో దీనికి విరుగుడు.

రోగనిర్ణయము

మందు కొనుటకు ముందు నాడి చూడవలెను. వరుసగా నాలుగు పరీక్షలు చాలును.

మొదటిది: ఇంటిలోని కంప్యూటరు నుండి రౌటరునకే పింగు చూడవలెను. అది 2, 3 మిల్లీసెకన్లలో నిలుకడగా నున్నచో ఇంటిలోపలి దారి బాగున్నట్లే. ఎగిరిపడుచున్నచో దోషము వై-ఫైలో కలదు.

రెండవది: ఎవరును నెట్టు వాడని వేళ, బయటి సర్వరునకు పింగు చూచి వ్రాసికొనవలెను.

మూడవది: ఒక పెద్ద వీడియోను పంపుచు అదే పింగును మరల చూడవలెను. 30 ఉన్నది 300 అయినచో దోషము రౌటరు వరుసలో కలదు.

నాలుగవది: ఉదయము 6 గంటలకును, రాత్రి 9 గంటలకును తీగపై ఇవే కొలతలు తీయవలెను. ఇంటిలో ఎవరును వాడకున్నను రాత్రివేళ మాత్రమే పెరుగుచున్నచో రద్దీ కంపెనీవారి దారిలో కలదు. వారము దినముల కొలతలను తేదీ, గంటలతో వ్రాసి చూపినచో, 'నెట్టు బాగులేదు' అని చెప్పుటకంటె ఆ ఫిర్యాదునకు బలమెక్కువ.

ఈ పరీక్షలలో పెద్ద ప్లాను అవసరమని తేలునది మిక్కిలి అరుదు. చాల ఇండ్లలో కొన్ని మీటర్ల లాన్ కేబులు, ఒక అమరిక మార్పు, రౌటరుకు మరియొక చోటు, ఇంతటితో పని తీరును. నెలనెలా పెంచి కట్టు సొమ్ము మిగులును.

దీనిని పిల్లల ఆటకొరకైన శ్రమగా మాత్రమే తలపరాదు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ-క్రీడలను బహుళ క్రీడోత్సవములలో భాగముగా గుర్తించినది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో వానికి పతకము లిచ్చిరి. 2025 ఆగస్టు నాటి చట్టము పందెపుటాటలను నిషేధించి, ఈ-క్రీడలను వానినుండి వేరుచేసినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆటకు కావలసిన గుణములే, అనగా తక్కువ ఆలస్యము, నిలుకడ, ప్యాకెట్లు పోకుండుట, ముఖాముఖి సంభాషణకును కావలెను. పట్నపు వైద్యుడు పల్లె రోగిని తెరపై ప్రశ్నించునపుడును, విద్యార్థి ఆన్‌లైను పాఠము వినునపుడును, సముద్రముల కావలనున్న తండ్రి ఇంటివారిని పలుకరించునపుడును మాట తెగకుండ కాపాడునవి అవియే. ఆటపెట్టెకై సరిచేసిన దారి ఇంటిల్లిపాదికిని పనికివచ్చును.